బ్లూ జోన్‌కి దొరక్కుండా ఆడటం ఎలాగ: లెక్కతో సహా మొత్తం

తమ్ముళ్లూ, మన రాజాం, చీపురుపల్లి, నరసన్నపేట సైడ్ గుంటలతో బీజీఎంఐలో (పబ్‌జీ మొబైల్‌కి మన ఇండియా వెర్షన్, చివరిదాకా మిగిలినోడు గెలిచే గన్ గేమ్) స్క్వాడ్, అంటే నలుగురి టీమ్, ఆడుతుంటే ఎప్పుడూ ఒకటే చూస్తాను. గన్ పట్టుకోవడం వచ్చు, రీకాయిల్ కంట్రోల్ వచ్చు, ఎదురుగా ఇద్దరొచ్చినా భయపడరు, కానీ జోన్ (మ్యాచ్ సాగేకొద్దీ చిన్నదైపోయే గీత, దాని బయటుంటే హెల్త్ పోతాది) దగ్గరికొచ్చేసరికి మాత్రం "అన్నా జోన్ వచ్చేస్తంది పరిగెట్టు పరిగెట్టు" అని మైకులో అరుపులు, ఆ తర్వాత ఒక్కొక్కడే మోకాళ్ల మీద పడిపోవడం, బ్యాగ్ తీసి చూస్తే అందులో ఫస్ట్ ఎయిడ్ కిట్లు అలగే ఉంటాయి. ఇంత బాగా ఆడే పిల్లలు శత్రువు చేతిలో కాకుండా గీత బయట ఉండిపోయి అవుట్ అవుతుంటే నాకు నిజంగా బాధేస్తాది, అందుకే కూర్చుని మొత్తం రాస్తన్నాను. బీజీఎంఐని పట్టుకుని చెప్తాను ఎందుకంటే మన దగ్గర ఎక్కువ మంది ఆడేది అదే, చివర్లో మిగతా సర్వైవల్ గేముల్లో ఇదే లెక్క ఎలగ వాడాలో కూడా కొంచెం చెప్తాను.

ముందు ఒక్క మాట బుర్రలో పెట్టుకో. జోన్ అంటే భయపడి పరిగెత్తాల్సింది కాదు, అది టైమ్ లెక్క. నీ దగ్గర ఎన్ని సెకన్లు ఉన్నాయి, వెళ్లాల్సిన దూరానికి ఎన్ని సెకన్లు పడతాయి, ఈ రెండూ తెలిస్తే ఇంక కంగారు ఉండదు. కింద రాసిందంతా ఈ రెండు అంకెలు ఎలగ కనిపెట్టాలన్నదే.

అసలు ఈ జోన్ ఎందుకు పెట్టారంటే, బీజీఎంఐలో ఎరాంగెల్ అనే పెద్ద మ్యాప్ 8 కిలోమీటర్లు బై 8 కిలోమీటర్లు, అందులో 100 మందిని వదిలేస్తే ఒక్కొక్కడూ ఒక్కో ఇంట్లో దూరి తలుపేసుకుని రోజంతా కూర్చుంటాడు, మ్యాచ్ అవ్వదు. అందర్నీ ఒక చోటికి నెట్టడానికి పెట్టిందే ఈ గీత. పబ్‌జీ తయారు చేసిన బ్రెండన్ గ్రీన్ మొదట్లో ఆర్మా అనే గేముకి మోడ్ (ఉన్న గేముని మార్చి చేసే కొత్త ఆట) చేసేటప్పుడు సేఫ్ ఏరియా చతురస్రంగా పెడదామనుకున్నాడట, కోడింగ్ అంతగా రాక గుండ్రంగా పెట్టేశాడు, అదే సర్కిల్ 2017లో వచ్చిన పబ్‌జీలోకీ అక్కడి నుంచి మన ఫోన్లలోకీ వచ్చేసింది. ఇది ఊరికే చెప్పడం లేదు, పెద్ద సర్కిల్ లోపల చిన్న సర్కిల్ ఒక పక్కకి జరిగి పడబట్టే జోన్‌కి ఒక గుణం వచ్చింది, అది కింద చెప్తాను, ఈ మొత్తంలో అన్నిటికంటే పనికొచ్చేది అదే.

మొదటి పని: మ్యాప్‌లో ఏటేటి కనిపిస్తన్నాయో చదవడం

మ్యాప్ ఓపెన్ చెయ్. రెండు సర్కిళ్లు ఉంటాయి. తెల్ల సర్కిల్ అంటే తర్వాత మిగలబోయే చోటు. నీలం సర్కిల్ అంటే ఇప్పుడు కరెంటు గోడ ఉన్న చోటు, దాని బయటుంటే హెల్త్ తగ్గుతాది. చాలామంది తెల్ల గీత దాటి బయటున్నామని తెలియగానే హడావిడి పడిపోతారు, తెల్ల గీత బయట ఉన్నంత మాత్రాన ఏమీ అవ్వదు, నీలం గీత నిన్ను దాటి వెళ్లినప్పుడే దెబ్బ. నీలం మెల్లగా జరుగుతూ వచ్చి తెల్ల గీత మీద కూర్చుంటాది, అప్పుడు లోపల ఇంకో చిన్న తెల్ల సర్కిల్ వస్తాది, మళ్లీ టైమర్, మళ్లీ జరగడం, ఇలగ చివరికి సర్కిల్ అన్నదే లేకుండా మూసుకుపోయేదాకా.

మినీ మ్యాప్ దగ్గర ఒక సన్నటి బార్ ఉంటాది చూడు, పరిగెత్తే మనిషి బొమ్మతో. ఒక కొస నీలం, ఇంకో కొస తెలుపు, మధ్యలో నువ్వు. చాలామంది దాని వైపు చూడనే చూడరు, నాకైతే ఆ బార్ మ్యాచ్ మొత్తానికి ముఖ్యమైనది, నీలం నీ వెనక ఎంత దగ్గర్లో ఉందో మ్యాప్ తెరవకుండానే చెప్పేస్తాది. సర్కిల్ బయటుంటే మ్యాప్‌లో నీ నుంచి సేఫ్ జోన్ వైపు ఒక గీత కూడా వస్తాది, అది దగ్గర దారి. దగ్గర దారి ఎప్పుడూ మంచి దారి కాదు, మధ్యలో బోడి కొండ ఉంటే ఆ గీతకేం తెలుస్తాది, ఎక్కేటప్పుడు స్లో అయిపోతావు, ఎక్కాక అందరికీ కనిపిస్తావు.

దూరం కొలవడం కూడా నేర్చుకో. ఎరాంగెల్ మ్యాప్‌లో పెద్ద గడి ఒక్కొక్కటి 1 కిలోమీటర్, జూమ్ చేస్తే వచ్చే చిన్న గడి 100 మీటర్లు. చేతిలో గన్ లేకుండా పరిగెడితే సెకనుకి సుమారు 6 మీటర్లు వెళ్తావు, అంటే చిన్న గడి దాటడానికి 16, 17 సెకన్లు, పెద్ద గడికి మూడు నిమిషాలకి కొంచెం తక్కువ. గన్ చేతిలో పట్టుకుని పరిగెడితే ఇంకా స్లో, అందుకే జోన్‌లోకి పరిగెత్తేటప్పుడు చుట్టుపక్కల ఎవడూ లేడని నమ్మకం ఉంటే గన్ లోపల పెట్టెయ్. ఈ ఒక్క లెక్క వచ్చేస్తే టైమర్ చూడగానే చెప్పగలవు, రెండున్నర నిమిషాలుంది, తెల్ల గీత 7 చిన్న గడుల దూరం, అంటే 2 నిమిషాల పని, మధ్యలో ఒక ఇల్లు వెతుక్కోవడానికి అర నిమిషం మిగిలింది, అంతే.

ఇక్కడ మన ఊరి మాట ఒకటి చెప్తాను. 2018లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది, దానికి ముందే కళింగపట్నం ఓడరేవులో ప్రమాద హెచ్చరిక నంబర్ ఎగరేశారు, అది చూసి ముందే కదిలినోళ్లు వేరు, గాలి మొదలయ్యాక కదిలినోళ్లు వేరు. గేములో ఆ టైమర్ కూడా హెచ్చరిక నంబర్ లాంటిదే, అది మొదలైనప్పుడే నీ ప్లాన్ అయిపోవాలి, అది సున్నాకి వచ్చాక చేసేది ప్లాన్ కాదు.

రెండో పని: నీలం గోడ అన్ని వైపులా ఒకే స్పీడుతో రాదని గుర్తుపెట్టుకోవడం

ఇందాక చెప్తానన్నది ఇదే, నెమ్మదిగా చదువు, పేపర్ మీద రెండు సర్కిళ్లు గీసుకుని చదివితే ఇంకా మంచిది.

నీలం సర్కిల్ పెద్దది, తెల్ల సర్కిల్ దాని లోపల చిన్నది. కానీ తెల్లది సరిగ్గా మధ్యలో ఉండాలని రూలు లేదు, ఒక పక్కకి జరిగి ఉంటాది, ఒక్కోసారి నీలం గీతకి ఆనుకునే ఉంటాది. ఇప్పుడు నీలం జరగడం మొదలైతే అన్ని వైపుల నుంచీ తెల్ల గీత దగ్గరికి ఒకే టైముకి చేరాలి. ఆనుకుని ఉన్న పక్క వెళ్లాల్సిన దూరం దాదాపు సున్నా, అటు వైపు గోడ అసలు కదలనట్టే ఉంటాది. ఎదురు పక్క మాత్రం చాలా దూరం ఉంటాది, అదే టైములో అంత దూరం రావాలి కాబట్టి అటు గోడ ఉరుక్కుంటూ వస్తాది.

అంకెల్లో చూద్దాం, ఇవి లెక్క కోసం నేను అనుకున్నవి. నీలం సర్కిల్ మధ్య నుంచి అంచుకి 2000 మీటర్లు, తెల్లది మధ్య నుంచి అంచుకి 1000 మీటర్లు, తెల్లది ఒక పక్క నీలానికి ఆనుకుని ఉంది, మూసుకోవడానికి 200 సెకన్లు. ఆనుకున్న పక్క దూరం 0, ఎదురు పక్క దూరం 2000 మీటర్లు. 2000ని 200తో భాగిస్తే సెకనుకి 10 మీటర్లు. నువ్వు పరిగెత్తేది 6. అంటే అటు పక్క నువ్వు నీలం గీత దగ్గర నిలబడి, అది కదలడం మొదలైనప్పుడు నువ్వూ మొదలుపెడితే ఎంత ఫాస్టుగా వేళ్లు నొక్కినా అది నిన్ను దాటేస్తాది. ఇక్కడ నీ తప్పేమీ లేదు, లెక్కే అంత. ఇటు పక్క మాత్రం ఒకడు టీ తాగుతూ నడిచి వెళ్లినా సర్కిల్‌లోనే ఉంటాడు.

మరి ఏం చెయ్యాలి అంటే, కొత్త తెల్ల సర్కిల్ కనిపించగానే నీ పక్క రెండు గీతల మధ్య ఎంత ఖాళీ ఉందో చూడు. ఖాళీ ఎక్కువుంటే నువ్వు ఫాస్ట్ సైడ్‌లో ఉన్నావు, లూట్ (సామాన్లు ఏరుకోవడం) వదిలేసి బేగి కదులు, కారు ఉంటే ఇంకా మంచిది. ఖాళీ తక్కువుంటే నువ్వు స్లో సైడ్‌లో ఉన్నావు, నీకు టైముంది, దాన్ని వాడుకో, ఎత్తు మీద ఒక రాయి వెనక పడుకుని ఫాస్ట్ సైడ్ నుంచి పరిగెత్తుకొచ్చే వాళ్లని చూస్తా ఉండు, వాళ్లకి వెనక్కి వెళ్లే దారి లేదు, పక్కకి చూసే టైము లేదు.

ఇంకోటి, సర్కిల్ మూసుకున్న ప్రతిసారీ ఫాస్ట్ సైడ్ మారొచ్చు, పోయినసారి స్లో సైడ్‌లో ఉన్నాం కదా అని ధీమాగా కూర్చోకూడదు, కొత్త తెల్ల సర్కిల్ పడ్డ క్షణమే మళ్లీ చూసుకోవాలి.

మూడో పని: దెబ్బ ఎంత పడతందో కొలవడం

జోన్ దెబ్బకి వెస్ట్ (గుండ్లు ఆపే జాకెట్) అడ్డురాదు, హెల్మెట్ అడ్డురాదు, లెవల్ 3 వేసుకున్నా ఒకటే. ఇంట్లో దూరినా పడతాది, కారులో కూర్చున్నా పడతాది. మొదటి సర్కిళ్లలో దెబ్బ చాలా మెల్లగా ఉంటాది, తర్వాత తర్వాత సర్కిళ్లకి పెరుగుతూ పోతాది, చివర్లో నాలుగు అడుగులు బయటున్నా ప్రాణం పోతాది. చాలామంది పడే మోసం ఇక్కడే, మొదటి జోన్‌లో బయట రెండు నిమిషాలు తిరిగినా ఏమీ అవ్వలేదు కదా అని అదే ధైర్యంతో ఐదో జోన్‌లో కూడా బయట ఉండిపోతారు.

ప్రతి సర్కిల్‌కి ఎంత పడతాదో అంకెలు బట్టీ పట్టకు, అప్‌డేట్లలో, మ్యాప్ మ్యాప్‌కీ మారుతుంటాయి. కొలవడం నేర్చుకో. నీలంలో (అంటే నీలం గీత బయట, దెబ్బ పడే చోట) ఉన్నప్పుడు హెల్త్ బార్ చూస్తా మనసులో ఐదు లెక్కపెట్టు. ఐదు సెకన్లలో బార్‌లో ఇరవయ్యో వంతు పోతే సెకనుకి 1, పావు వంతు పోతే సెకనుకి 5, సగం పోతే సెకనుకి 10. ఇంక మిగిలింది భాగహారమే. ఫుల్ హెల్త్ 100 కాబట్టి సెకనుకి 1 అయితే 100 సెకన్లు బతుకుతావు, 6 మీటర్ల లెక్కన 600 మీటర్లు, ఏ మందూ వాడకుండానే. సెకనుకి 5 అయితే 20 సెకన్లు, 120 మీటర్లు. సెకనుకి 10 అయితే 10 సెకన్లు, 60 మీటర్లు, అంటే చిన్న గడి కూడా దాటలేవు.

ఇప్పుడు మందుల సంగతి. బ్యాండేజ్ ఒక్కోటి 10 ఇస్తాది, 75 దాటించదు. ఫస్ట్ ఎయిడ్ కిట్ 75 వరకే తీసుకెళ్తాది. మెడ్ కిట్ ఒక్కటే ఫుల్ 100. ఎనర్జీ డ్రింక్, పెయిన్ కిల్లర్, అడ్రినలిన్ ఇవి బూస్ట్ బార్ నింపుతాయి, అది మెల్లమెల్లగా హెల్త్ ఇస్తాది, బాగా నిండితే పరుగు కూడా కొంచెం పెరుగుతాది. వాడేటప్పుడు ఎన్ని సెకన్లో స్క్రీన్ మీదే తిరుగుతాది, ఫస్ట్ ఎయిడ్ సుమారు 6, మెడ్ కిట్ సుమారు 8 అనుకుందాం.

అసలు విషయం ఏటంటే మందు వాడుతున్నంతసేపూ జోన్ ఆగదు, హెల్త్ ఇచ్చేది మందు పూర్తయ్యాకే. సెకనుకి 5 పోతున్న జోన్‌లో మెడ్ కిట్ వాడితే 8 సెకన్లలో 40 పోతాది. అంటే 40 కంటే తక్కువ హెల్త్ ఉన్నప్పుడు మొదలుపెడితే అది పూర్తి కాకముందే నువ్వు పడిపోతావు. మన పిల్లలు చేసేది సరిగ్గా అదే, బార్ ఎర్రగా అయ్యేదాకా పరిగెత్తి అప్పుడు కిట్ నొక్కుతారు. అక్కడ 45 ఉన్నప్పుడు నొక్కాలి, చివర్లో 5 ఉంటుండగా టకీమని 100 అవుతాది. మళ్లీ 100 నుంచి 45 దాకా 11 సెకన్లు పరుగు, అంటే 66 మీటర్లు. సో ఆ జోన్‌లో ఒక మెడ్ కిట్ అంటే 66 మీటర్లు. అదే ఫస్ట్ ఎయిడ్ అయితే 6 సెకన్లకి 30 పోతాది, 35 దగ్గర నొక్కాలి, వచ్చేది 75, మళ్లీ 35 దాకా 8 సెకన్లు, 48 మీటర్లు. నీ బ్యాగ్‌లో ఎన్ని కిట్లున్నాయో చూసుకుంటే ఎంత దూరం రాగలవో తెలిసిపోతాది, తెల్ల గీత అంతకంటే దూరం ఉంటే అప్పుడే తెలుసుకుని ఏదో ఒక బండి వెతుక్కోవాలి.

సెకనుకి 10 పోయే జోన్‌లో మెడ్ కిట్ లెక్క చూడు, 8 సెకన్లకి 80 పోతాది, 85 దగ్గరే నొక్కాలి, 100 అయ్యాక మళ్లీ 85కి రావడానికి సెకనున్నర. 9 మీటర్లు పరిగెత్తడానికి 8 సెకన్లు కూర్చోవడం. అంటే చివరి జోన్లలో బయట నిలబడి హీల్ చేసుకుంటూ రావడమన్నది జరిగే పని కాదు, ముందే లోపలుండాలి. బ్యాండేజ్ అయితే 4 సెకన్లకి 10 ఇస్తే సెకనుకి రెండున్నర, దెబ్బ అంతకంటే ఎక్కువుంటే బ్యాండేజ్ కట్టుకుంటూ చచ్చిపోతావు, పరిగెత్తడమే మేలు.

డ్రింకులు మాత్రం నీలంలోకి దిగకముందే తాగెయ్. నీలంలోకి దిగాక తాగితే ఆ సెకన్లు కూడా జోన్ ఖాతాలోకే పోతాయి.

కావాలని బయట ఉండటం

ఇన్ని చెప్పి మళ్లీ ఇదేటి అనుకోకు. మొదటి, రెండో జోన్‌లో దెబ్బ తక్కువ కాబట్టి మందులు బాగా ఉంటే నీలం గోడతో పాటే మెల్లగా నడిచి రావడం ఒక పద్ధతి, వెనక నుంచి వచ్చేవాళ్లు తక్కువ, ముందు చూసుకుంటే చాలు. బ్రిడ్జిలు ఉన్న చోట ఇది ఇంకా పనికొస్తాది. ఎరాంగెల్‌లో మిలిటరీ బేస్ ఉన్న దీవికి రెండు బ్రిడ్జిలే, సర్కిల్ మెయిన్ ల్యాండ్‌లో పడితే ఆ బ్రిడ్జి చివర్లో ఏదో ఒక టీమ్ కాపు కాస్తానే ఉంటాది. అందరూ ఒకేసారి ఉరికి చచ్చే టైములో ఉరకడం కంటే, మొదటి సర్కిల్ పడగానే అందరికంటే ముందు దాటేయడమో, బోటు తీసుకుని వేరే చోట ఒడ్డెక్కడమో మంచిది. ఈదుకుంటూ వెళ్దామనుకుంటే టైమ్ లెక్క వేసుకుని దిగు, నీళ్లలో పరుగంత స్పీడు రాదు, గన్ కూడా పేలదు.

లివిక్ అనే చిన్న మ్యాప్‌లో అయితే ఈ ధైర్యాలు వద్దు. అది 2 బై 2 కిలోమీటర్లే, 52 మంది, అంతా గబగబా అయిపోతాది, ఎరాంగెల్ అలవాటుతో లూట్ చేస్తా కూర్చుంటే గోడ నెత్తి మీదకొచ్చాకే తెలుస్తాది.

బండి గురించి రెండు మాటలు

కారు ఉంటే ఫాస్ట్ సైడ్ అన్న భయమే ఉండదు, అందుకే దొరికిన బండిని ఊరికే వదిలేయకు, ఇంటి పక్క గోడ చాటున పెట్టి టైర్లు బయటికి కనిపించకుండా చూసుకో. పెట్రోలు ఎంతుందో చూసుకో, క్యాన్ ఒకటి పెట్టుకో. వెనక సీట్లో కూర్చున్నోడు కారు వెళ్తుండగా కూడా కిట్ వాడుకోవచ్చు, కాబట్టి స్క్వాడ్‌లో హెల్త్ తక్కువున్నోడిని ఎప్పుడూ డ్రైవింగ్‌కి కూర్చోబెట్టకు. ఇది చాలా స్క్వాడ్లలో రివర్స్‌లో జరుగుతాది, ఎవడు ముందు బండి దగ్గరికొస్తే వాడే ఎక్కేస్తాడు.

నీలంలో మనోడు పడిపోతే

ఇది మనసుకి కష్టమైన చోటు. నాకౌట్ అయినోడి హెల్త్ ఎలాగూ తగ్గుతానే ఉంటాది, జోన్‌లో అయితే ఇంకా ఫాస్టుగా. లేపాలంటే నువ్వు అన్ని సెకన్లు కదలకుండా కూర్చోవాలి, నీకూ దెబ్బ పడతానే ఉంటాది, లేచాక వాడికి ఉండేది కొంచెం హెల్తే, వెంటనే కిట్ వాడాలి, మళ్లీ సెకన్లు. మెల్ల జోన్ అయితే తప్పకుండా లేపు, స్నేహితుడిని వదిలేసి పోవడం నాకు నచ్చదు, ర్యాంక్ పాయింట్ల కోసం అసలు నచ్చదు. చివరి జోన్ అయితే పడ్డవాడే మైకులో చెప్పెయ్యాలి, "నన్ను వదిలెయ్ బావా, నువ్వెళ్లు" అని. ఆ మాట పడ్డవాడి నోటి నుంచే రావాలి, అప్పుడు మిగతావాళ్లకి భారం ఉండదు. మధ్యలో ఉన్న జోన్లలో ఒకటే చూడు, పడ్డవాడు గోడకి దగ్గర్లో ఉంటే పాకుకుంటూ లోపల వైపు రమ్మను, నువ్వు లోపలే నిలబడి అక్కడ లేపు. వాడు నీ దగ్గరికొచ్చే ఒక్కో అడుగూ నీకు హెల్త్ మిగిలినట్టే.

నెట్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మందస, మెళియాపుట్టి కొండల పక్క ఊళ్లలో ఆడేవాళ్లకి తెలుసు, సిగ్నల్ ఊగుతుంటాది, వాన పడితే ఇంకా చెప్పక్కర్లేదు. నువ్వు లోపలున్నావా బయటున్నావా అన్నది సర్వర్ తేల్చేది, నీ స్క్రీన్ కాదు. పింగ్ (నెట్ ఆలస్యం) ఎక్కువున్నప్పుడు గీత మీద నిలబడకు, నాలుగడుగులు ఎక్కువ లోపలికి వచ్చి ఆగు.

రెడ్ జోన్

దీనికి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఎర్ర సర్కిల్ లోపల బాంబులు ఎక్కడ పడతాయో తెలీకుండా పడతాయి, నీ మీద పడితే చచ్చావు, పక్కన పడితే దెబ్బ. పైకప్పు ఉన్న ఇంట్లో ఉంటే ఏమీ అవ్వదు, కాసేపట్లో ఆగిపోతాది. కారులో ఉంటే మాత్రం రక్షణ ఉందనుకోకు. ఇంట్లో కూర్చున్నప్పుడు తలుపు వైపే చూస్తా ఉండు, బాంబుల మోతలో అడుగుల చప్పుడు వినపడదు, అదే అదును చూసుకుని లోపలికొచ్చేవాళ్లుంటారు. నువ్వూ అలగే వాడుకోవచ్చు.

మిగతా గేముల్లో

జోన్ ఉన్న ఏ గేమైనా నాలుగు ప్రశ్నలు అడుగు. గీత ఎక్కడుంది, కదులుతాదా? సెకనుకి ఎంత పోతాది? దేనితో ఆగుతాది? దెబ్బ పడే చోటు దాటి వచ్చేశాక కూడా దెబ్బ కంటిన్యూ అవుతాదా? బీజీఎంఐలో చివరి ప్రశ్నకి జవాబు "అవ్వదు", సర్కిల్ లోపలికి రాగానే ఆగిపోతాది. అన్ని గేముల్లో అలగ ఉండదు.

డేజీ (DayZ) అనే జాంబీ సర్వైవల్ గేములో విషవాయువు ఉన్న చోట్లుంటాయి, చెర్నారస్ మ్యాప్‌లో రిఫీ దగ్గర ఓడ, పావ్లోవో మిలిటరీ బేస్, ఇవి కదలవు, ఎప్పుడూ అక్కడే. ఇవి కాక దూరంగా ఫిరంగి పేలిన చప్పుడొచ్చి ఆ తర్వాత ఎక్కడో గ్యాస్ పడేవి కూడా ఉన్నాయి, ఆ చప్పుడే నీకు టైమర్. అక్కడ వెస్ట్ పనికిరాదు, ఒళ్లంతా మూసే సూట్ మొత్తం కావాలి, తల నుంచి చేతి గ్లౌజులు, బూట్ల దాకా, ఫిల్టర్ ఉన్న మాస్క్‌తో సహా. ఒక్క ముక్క తక్కువైనా దెబ్బే, మాస్క్ లేకపోతే ఊపిరితో విషం పోతాది, చర్మం బయటుంటే రక్తం కారే గాయాలవుతాయి. ఫిల్టర్ కూడా అరిగిపోయేదే, కాబట్టి అక్కడ టైమ్ లెక్క హెల్త్ మీద కాదు, ఫిల్టర్ మీద వెయ్యాలి, అదీ వెళ్లడానికే కాదు తిరిగి రావడానికి కూడా. గ్యాస్ పీల్చినోడికి బయటికొచ్చేసినా దగ్గుతో రక్తం పడతానే ఉంటాది, పీవో-ఎక్స్ యాంటీడోట్ అనే విరుగుడు ఇంజెక్షన్ వెయ్యాలి. అది చేతిలో లేకుండా లోపలికి అడుగు పెట్టకు.

సముద్రం కింద బతకాల్సిన సబ్‌నాటికా గేములో జోన్ అంటే లోతు. మొదట్లో ఊపిరి 45 సెకన్లే, అందులో సగం కిందకి, సగం పైకి అనుకుంటే తప్పు, పైకి రావడానికి ఎప్పుడూ కొంచెం ఎక్కువ ఉంచుకోవాలి. 100 మీటర్ల కింద ఆక్సిజన్ ఇంకా బేగి అయిపోతాది, రీబ్రీదర్ అనే మాస్క్ ఉంటే ఆ బాధ ఉండదు. సీమాత్ అనే నీటి బండి అయితే 200 మీటర్ల వరకే, అంతకంటే కిందకి పోతే డెప్త్ మాడ్యూల్ పెట్టుకుంటే తప్ప నలిగిపోతాది. కూలిపోయిన అరోరా అనే అంతరిక్ష ఓడ పేలాక దాని చుట్టూ రేడియేషన్, దానికి సీసంతో చేసే సూట్, ఓడ లోపలికెళ్లి లీకులు రిపేర్ చేస్తే రేడియేషన్ మెల్లగా తగ్గిపోతాది, అంటే అది మూసెయ్యగలిగే జోన్.

మైన్‌క్రాఫ్ట్ ఆడే చిన్న తమ్ముళ్లకి, పౌడర్ స్నోలో (కాలు దిగబడే మెత్తటి మంచు) పడితే గడ్డకట్టి హెల్త్ పోతాది, లెదర్ ఆర్మర్‌లో ఏదో ఒక్క ముక్క, బూట్లయినా సరే, వేసుకుంటే గడ్డకట్టవు, బూట్లయితే దాని మీద మునిగిపోకుండా నడవొచ్చు కూడా. నీళ్లలో ఊపిరి 15 సెకన్లు, బుడగలు అయిపోయాక సెకనుకి ఒక హృదయం బొమ్మ చొప్పున పోతాది, 10 బొమ్మలు కాబట్టి ఇంకో 10 సెకన్లు. మొత్తం 25. ఇది కూడా పైన చెప్పిన భాగహారమే.

ప్రాక్టీస్ ఇలగ చెయ్

ర్యాంక్ మ్యాచ్‌లో కాదు, అన్‌ర్యాంక్‌డ్ క్లాసిక్‌లో (ర్యాంక్ పాయింట్లు పోని మామూలు మ్యాచ్) చెయ్, టీమ్‌ని ఇబ్బంది పెట్టకుండా ఒంటరిగా. దూరంగా ఏదో ఊరి చివర దిగు, మందులు మాత్రమే ఏరుకో, గన్ గురించి ఆలోచించకు. మొదటి జోన్ నిన్ను దాటనిచ్చి ఐదు లెక్కపెట్టి కొలువు, ఎంత పోయిందో పుస్తకంలో రాసుకో, తర్వాత జోన్‌కి మళ్లీ కొలువు. ఎన్నో జోన్ దగ్గర ఫస్ట్ ఎయిడ్ పనికిరాకుండా పోతందో, ఎన్నో జోన్ దగ్గర మెడ్ కిట్ కూడా పోతందో చూసుకో, ఆ రెండు జోన్ల నంబర్లే నీకు కావాల్సింది. మ్యాప్ మారితే మళ్లీ కొలువు. ఇంకో మ్యాచ్‌లో తెల్ల సర్కిల్ పడ్డ ప్రతిసారీ పైకే చెప్పు, నేను ఫాస్ట్ సైడా, స్లో సైడా, ఎన్ని గడులు, ఎన్ని సెకన్లు. స్క్వాడ్‌తో ఆడేటప్పుడు ఈ పని ఒక్కడికే అప్పజెప్పండి, నలుగురూ నాలుగు రకాలుగా అరిస్తే ఎవడి మాట వినాలో తెలీదు. ఆ ఒక్కడు షూటింగ్‌లో వీక్ అయినా పర్లేదు, లెక్కల్లో చురుకైనోడు అయితే చాలు.

2023లో బీజీఎంఐ మళ్లీ మొదలైనప్పుడు 18 ఏళ్ల లోపు వాళ్లకి రోజుకి 3 గంటలే, పెద్దోళ్లకి 6 గంటలే అని పెట్టారు. ఆ టైమంతా ప్రాక్టీస్‌కే పెట్టకు, ఒక్క మ్యాచ్ కొలతలకి, మిగతాది మామూలుగా ఆడుకో. ఎవరికైనా వాళ్ల మ్యాప్‌లో కొలిచిన అంకెలుంటే ఏ మ్యాప్, ఎన్నో జోన్, ఐదు సెకన్లలో ఎంత పోయింది అని మూడూ కలిపి రాయండి, ఒక్కటి తక్కువైనా దాన్ని వాడుకోలేం.